కాటా చీటీకి తెలిసిన బరువు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో తూకం వేయకుండా ఉక్కు గేటు దాటదు. అమ్మకం టన్నుల లెక్కన సాగుతుంది కాబట్టి ఖాళీ లారీని ఒకసారి, లోడెక్కాక ఇంకోసారి కాటా మీద నిలబెట్టి, తేడా తీసి, ఆ అంకె మీదే బిల్లు రాస్తారు. స్థానికులు ధరమ్ కాంటా అని పిలిచే ఈ కాటాలు ఫ్యాక్టరీల లోపలే కాదు, బయట రోడ్ల పక్కన కూడా ఉంటాయి. తూకంలో తేడా వస్తే కొన్నవాడూ ఊరుకోడు, అమ్మినవాడూ ఊరుకోడు. అందుకని మోయాల్సినదానికన్నా ఎక్కువ మోస్తున్న లారీ రోడ్డెక్కేసరికి దాని బరువు సరుకు పంపినవాడికి తెలుసు, రవాణా ఏజెంటుకు తెలుసు, డ్రైవరుకు తెలుసు. దాని వెనకాల స్కూటర్ మీద వస్తున్న మనిషికి తెలీదు.

ఓవర్‌లోడు వల్ల ప్రమాదాలు జరుగుతాయని ఒప్పుకోనివాళ్లు లేరు. అవి ఏ దారిన జరుగుతున్నాయి, లెక్కల్లో ఎందుకు సరిగా కనబడవు, ఎవరు పూనుకుంటే ఆగుతాయి అని అడిగితే మాత్రం సమాధానాలు పలచబడతాయి. మామూలుగా చర్చ డ్రైవరును నాలుగు తిట్లు తిట్టడంతో ముగుస్తుంది. ఆ ప్రశ్నలను భిలాయ్ దగ్గర నిలబడి చూడడానికి కారణం ఉంది. దేశంలో లారీకెక్కే బరువు సరుకుల్లో చాలా రకాలు ఈ ఊరి చుట్టుపక్కలే పుడతాయి: ఉక్కు, సిమెంటు, సున్నపురాయి, స్లాగు, బూడిద, మొరం, ఇసుక, ఆ పైన వరి. పైగా ఈ ఊరికీ మనకూ చుట్టరికం ఉంది. 1950ల చివర్లో కార్ఖానా కట్టుబడి మొదలైనప్పటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల కూలీలూ, మేస్త్రీలూ, తర్వాత ఇంజనీర్లూ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఇక్కడి ఉక్కు లారీ విశాఖకో విజయవాడకో బయల్దేరితే మన ఘాట్‌రోడ్ల మీదుగానే దిగాలి.

ముందు ఊరి స్వరూపం. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పుడు సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నులు, ఇప్పుడు 70 లక్షల టన్నులు. కట్టినవాళ్లు దీన్ని రైలు కోసం కట్టారు. ఇనుప ఖనిజం దక్షిణాన దల్లీ-రాజ్‌హరా గనుల నుంచి రైల్లో వస్తుంది, తయారైన పట్టాలు రైల్లోనే పోతాయి. కానీ ఒక పెద్ద కార్ఖానా చుట్టూ పుట్టుకొచ్చే చిన్న కార్ఖానాలకు సొంత సైడింగ్ ఉండదు. హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడ, జాముల్ సిమెంటు, రాయ్‌పూర్ వైపు ఉర్లా, సిల్తరాల్లోని స్పాంజ్ ఐరన్ యూనిట్లు, రోలింగ్ మిల్లులు, వీటన్నిటి మధ్యా సరుకు తిప్పేది లారీలే. ఒకే ఇనుము స్పాంజ్ ఐరన్‌గా ఒకసారి, బిల్లెట్‌గా ఒకసారి, కడ్డీగా మరోసారి అదే రోడ్డెక్కుతుంది.

ఆ రోడ్డు జాతీయ రహదారి 53. పాత పేరు ఆరో నంబరు, ఊళ్లో వాడుక పేరు జీఈ రోడ్డు. సూరత్ దగ్గరి హజీరా నుంచి ఒడిశాలోని పారదీప్ దాకా పోయే ఈ దారి కుమ్హారీ, చరోదా, పవర్‌హౌస్, సుపేలా, నెహ్రూనగర్ల మీదుగా దుర్గ్ వైపు సాగుతూ భిలాయ్‌ని రెండుగా కోస్తుంది. ఒకవైపు చెట్ల నీడన సెక్టార్ల టౌన్‌షిప్పు, ఇంకోవైపు కార్మికుల బస్తీలు, బజార్లు, చిన్న పరిశ్రమలు. షిఫ్టు మారే వేళ సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు, ఆటోలు ఒకపక్క నుంచి ఇంకోపక్కకు దాటాలి. కుమ్హారీ, పవర్‌హౌస్, సుపేలాల దగ్గర ఫ్లైఓవర్లు వచ్చాక లారీలు కొంత పైనుంచి పోతున్నాయి గానీ, కిందికి దిగిన చోట మళ్లీ అందరూ కలిసిపోవాల్సిందే.

ఇక లెక్కలు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లు, దాదాపు ఐదోవంతు పాదచారులు. కారణం దగ్గరికొస్తే, మరణాల్లో 71 శాతం 'అతివేగం' ఖాతాలో ఉన్నాయి. ఈ అంకెను పట్టుకుని వేగమే అసలు శత్రువు అని తేల్చేసేవాళ్లున్నారు. నాకు ఆ తీర్పు మీద అనుమానం ఉంది. ప్రమాదం తర్వాత వేగం అన్న గడి నింపడం సులువు, సాక్షులు అందరూ అదే చెబుతారు. బరువు అన్న గడి నింపాలంటే లారీని కాటా ఎక్కించాలి. బోల్తా పడ్డ లారీని కాటా ఎక్కించేదెవరు? ముందు శవాలు తీయాలి, తర్వాత ట్రాఫిక్ వదలాలి, లోడు పక్కకు తోయాలి లేదా వేరే బండికెక్కించాలి. నివేదికలో వాహనాల లోడు గురించి పట్టిక ఉన్నమాట నిజమే. ఆ గడి పోలీసు కంటిచూపుతో నిండితే దాని విలువ కంటిచూపు విలువే.

పైగా వేగమూ బరువూ రెండు వేర్వేరు కారణాలు కావు. మూడు ఇరుసుల లారీకి చట్టం ఒప్పుకునే మొత్తం బరువు, అంటే బండి, సరుకు కలిపి, 28.5 టన్నులు. గంటకు 60 కిలోమీటర్ల మీద దాన్ని ఆపాలంటే బ్రేకులు సుమారు 40 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. అదే బండి 38 టన్నులతో ఉంటే ఆ శక్తి మూడోవంతు పెరుగుతుంది. డ్రమ్ములు, లైనింగులు మాత్రం తయారీదారు 28.5కు లెక్కగట్టి పెట్టినవే. మామూలు లోడుతో క్షేమమైన 60 ఆ లోడుతో అతివేగమే. ఎఫ్‌ఐఆర్‌లో అతివేగం అని రాస్తే అది అబద్ధం కాదు, కానీ సగం నిజం.

సరుకును బట్టి ఓవర్‌లోడు చంపే తీరు మారుతుంది. భిలాయ్ చుట్టూ రెండు రకాలనూ పక్కపక్కనే చూడొచ్చు.

మొదటిది ఉక్కు. ఘనపు మీటరు ఉక్కు 7.85 టన్నులు తూగుతుంది. అంటే 25 టన్నుల ఉక్కు ప్లేట్లు పట్టే జాగా మూడు ఘనపు మీటర్లకు కాస్త ఎక్కువ. పొడవాటి ట్రైలర్ మీద ఆ సరుకు పరిస్తే దూరం నుంచి బండి దాదాపు ఖాళీగా వెళ్తున్నట్టే ఉంటుంది. ఇంకో పది టన్నులు ఎక్కించినా ఎత్తు కొద్దిగానే పెరుగుతుంది. గడ్డి లారీని చూసి ఓవర్‌లోడు అనుకునే కన్ను ఉక్కు లారీని చూసి ఏమీ అనుకోదు. అసలు ప్రమాదం కిందే ఉంటుంది: కమాన్ కట్టల్లో, ఇరుసుల్లో, టైర్లలో. ఛత్తీస్‌గఢ్ మే నెల ఎండలో కాగిన రోడ్డు మీద, ఇప్పటికే రీట్రెడ్ చేసిన టైరు అదనపు బరువుకు వేడెక్కి పేలితే బండి ఎటు లాగుతుందో డ్రైవరు చేతిలో ఉండదు. హఠాత్తుగా బ్రేకు వేస్తే సరిగా కట్టని కడ్డీలు, గొట్టాలు, చుట్టలు క్యాబిన్‌లోకి దూసుకొస్తాయి. అప్పుడు ముందుగా చనిపోయేది డ్రైవరూ క్లీనరే.

కడ్డీలకు ఇంకో దోషం ఉంది. బాడీ పొడవు దాటి వెనక్కి వేలాడే రాడ్లు రాత్రిపూట వెనకవచ్చేవాడికి కనబడవు. ఒకప్పుడు మీటరు దాకా బయటికి రానివ్వడాన్ని నిబంధనలే ఒప్పుకునేవి. కేంద్ర ప్రభుత్వం 2014లో ఆ వెసులుబాటు తీసేసింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ పక్కలకు, ముందుకు, వెనక్కు, ఎత్తుకు దాటిన లోడుకు 20,000 రూపాయల జరిమానా పెట్టింది. ఊరి హార్డ్‌వేర్ దుకాణం నుంచి ఇంటి కట్టుబడికి రాడ్లు తీసుకెళ్లే ట్రాలీ ఆటోలకు ఈ సంగతి చేరినట్టు కనిపించదు, ఎర్రగుడ్డ ఒకటి కట్టి బయల్దేరుతూనే ఉంటాయి.

రెండో రకం మొరం, ఇసుక, కంకర, బూడిద. వీటిని తూచరు. టిప్పరుకింత, ట్రిప్పుకింత అని అమ్ముతారు. 14 ఘనపు మీటర్ల తొట్టిలో పొడి ఇసుక 22 టన్నుల పైచిలుకు పడుతుంది. నదిలోంచి తీసిన తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. ఆ తొట్టికి పైన పలకలు బిగించి ఎత్తు పెంచితే, పైన గోపురంలా పోస్తే, ఆ బండి ఎంత మోస్తోందో నిజంగానే ఎవరికీ తెలియదు. ఇక్కడ బరువు పైకి పోతుంది. మలుపులోనూ, రోడ్డు అంచు దిగి మళ్లీ ఎక్కేటప్పుడూ బోల్తా కొట్టేది ఈ రకమే. పడినప్పుడు సరుకు కూడా చంపుతుంది. 2025 నవంబరు 3 ఉదయం చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర జరిగింది తెలుగు పాఠకులు మరిచిపోయి ఉండరు. కంకర టిప్పరు తాండూరు డిపో ఆర్టీసీ బస్సును ఢీకొని దాని మీదికి ఒరిగింది. దాదాపు 20 మంది పోయారు. ఢీకొన్న దెబ్బకు తోడు, బస్సులోకి జారిన కంకరలో కూరుకుపోయి ఊపిరాడక చనిపోయినవాళ్లున్నారు. ఆ రెండు వరసల ఇరుకు రోడ్డు, విస్తరణ ఆలస్యం, వేగం, అన్నీ చర్చకొచ్చాయి. రావలసినవే. బస్సు కిటికీలకన్నా ఎత్తున కంకర పోసుకుని పట్టా గట్టిగా కట్టకుండా తిరిగే బండి రోజూ మన పక్కనుంచే పోతోందన్న సంగతి ఆ వారం దాటాక ఎవరికీ గుర్తులేదు.

మొరం గురించి చిన్న పక్కమాట. 2024 ఏప్రిల్ 9 రాత్రి కుమ్హారీ దగ్గర కార్మికులను ఇళ్లకు చేరవేసే బస్సు రోడ్డు పక్క మొరం గోతిలో పడి 12 మంది చనిపోయారు. ఆ బస్సు ఓవర్‌లోడు లారీ కాదు, నిజమే. ఆ గొయ్యి ఎలా వచ్చిందో మాత్రం ఆలోచించాలి. టిప్పర్లు తవ్వుకుపోయిన చోటు అది. తవ్వినవాళ్లు పోయాక కంచె కట్టినవాళ్లు లేరు. లారీ లోడు వల్ల జరిగే నష్టం లారీ వెళ్లిపోయాక కూడా మిగిలే ఉంటుంది.

ఘాట్‌రోడ్డు దగ్గర కాస్త ఆగాలి. భిలాయ్ నుంచి దక్షిణానికి వచ్చే లోడు ధమ్తరీ, కాంకేర్ దాటి కేశకాల్ ఘాట్ మలుపులు ఎక్కి బస్తర్ పీఠభూమికి చేరుతుంది. జగదల్‌పూర్, కొరాపుట్ దాటాక సుంకి దగ్గర నుంచి సాలూరు వైపు దిగాలి. ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. లెక్క ఇది: లారీ 100 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు బ్రేకులే వేగాన్ని పట్టి ఉంచాల్సి వస్తే, అవి అరిగించాల్సిన శక్తి 60 కిలోమీటర్ల వేగం మీద ఏడుసార్లు పూర్తిగా ఆపినదానికి సమానం. సుంకి ఘాట్‌లో దిగే ఎత్తు 100 మీటర్లతో పోదు. ఇంజన్ గేరులో ఉంటే ఆ భారంలో కొంత ఇంజన్ పట్టుకుంటుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో వదిలితే భారమంతా డ్రమ్ముల మీద పడుతుంది. వేడెక్కిన లైనింగు పట్టు కోల్పోతుంది, డ్రైవరు పెడల్ తొక్కుతూనే ఉంటాడు, బండి ఆగదు. పేపర్లో మర్నాడు 'బ్రేకులు ఫెయిలై' అని వస్తుంది. చాలాసార్లు బ్రేకులు పాడైపోవు. వాటికి అప్పజెప్పని పని వాటిచేత చేయించడం వల్ల ఓడిపోతాయి. మరమ్మతు లోపం అని రాసేసరికి నేరం మెకానిక్ మీదికి పోతుంది, లోడు చేసినవాడు తప్పుకుంటాడు.

నిలబడ్డ లారీ కూడా చంపుతుంది, కదిలే లారీ అంత గట్టిగానే. 2022 ప్రమాదాల్లో ఐదోవంతుకు పైగా వెనక నుంచి గుద్దిన రకానివి. వాటన్నిటిలో లారీలు లేవు, ఉన్నచోట అన్నీ ఓవర్‌లోడు కావు. కానీ ఇరుసు విరిగో, టైరు పేలో, కమాన్ పట్టీ తెగో రాత్రి రోడ్డు మీదే నిలిచిపోయిన బండికి అదనపు బరువుతో ఉన్న సంబంధం కాదనలేం. దానికి వెనక లైటు ఉండదు, ప్రతిబింబించే త్రికోణం ఉండదు, నాలుగు రాళ్లు, ఓ చెట్టుకొమ్మ పెట్టి డ్రైవరు క్యాబిన్ కింద పడుకుంటాడు. బండి లాగేసి వెళ్లినా రాళ్లు అక్కడే ఉంటాయి, వాటికి ఇంకో స్కూటర్ తగులుతుంది. ఇంకొకటి: నిండా లోడైన బండి ఎత్తు ఎక్కేటప్పుడు నడకకన్నా కాస్త వేగంగా పాకుతుంది. వెనకొచ్చే కారుకు అది ఆగివున్న గోడతో సమానం. దాన్ని దాటబోయి ఎదురుగా వచ్చే బస్సును గుద్దేస్తారు. ఆ ప్రమాదంలో లారీ ఎవరినీ తాకనైనా తాకదు, కేసులో దాని నంబరు కూడా ఉండదు.

రోడ్డు పాడవడం గురించి ఇంజనీర్లు 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్‌లో చేసిన పెద్ద పరీక్షతో ఒక సూత్రం తేల్చారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 శాతం ఎక్కువ వేస్తే నష్టం సుమారు 46 శాతం ఎక్కువ, ఒకటిన్నర రెట్లు వేస్తే అయిదు రెట్లు, రెట్టింపు వేస్తే 16 రెట్లు. తారు రోడ్డు మీద చక్రాల దారిలో పడే గాళ్లలో కారు చక్రం ఊగుతుంది, మోటార్‌సైకిల్ పడిపోతుంది. వానాకాలంలో ఆ గాళ్లలో నీళ్లు నిలిచాక చెప్పక్కర్లేదు. ఆ గుంతలో పడ్డవాడి మరణం గుంత ఖాతాకో, హెల్మెట్ లేదన్న ఖాతాకో పోతుంది.

సరుకు బండిలో మనుషులను నింపడం కూడా ఓవర్‌లోడే. ఛత్తీస్‌గఢ్‌కు ఇది పాత గాయం. 2024 మే 20న కబీర్‌ధామ్ జిల్లాలో తునికాకు ఏరుకుని వస్తున్న ఆదివాసులున్న పికప్ లోయలో పడి 19 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు. 2025 మేలో రాయ్‌పూర్-బలోదాబజార్ రోడ్డు మీద సారాగావ్ దగ్గర, శిశువు పుట్టిన శుభకార్యం నుంచి తిరిగివస్తున్నవాళ్ల లారీ ట్రైలర్‌ను ఢీకొని 13 మంది పోయారు. వాళ్లను సరుకు బండి ఎందుకెక్కారని అడిగేముందు ఆ ఊళ్లకు ఏ బస్సు వస్తుందో అడగాలి.

ఇన్ని తెలిసీ ఎందుకు ఎక్కిస్తారు? యజమానుల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. మన దేశంలో లారీల్లో అధికభాగం ఒకటీ రెండూ బండ్లున్న చిన్న యజమానుల చేతిలో ఉన్నాయి. కిరాయి టన్నుకింత అని వస్తుంది. డీజిల్, టోల్, బీమా, ఫైనాన్సు వాయిదా మాత్రం ట్రిప్పు లెక్కన పోతాయి. అదనంగా ఎక్కిన ప్రతి టన్నూ దాదాపు మిగులే. తాను వద్దంటే వెనక నిలబడ్డ లారీ ఎక్కించుకుంటుంది. ఏజెంటు కిరాయి చెప్పేటప్పుడే బండి ఎంత మోస్తుందని కాదు, ఎంత ఎక్కించుకుంటావని అడుగుతాడు. ఈ పోటీలో చట్టం పాటించేవాడే నష్టపోతాడు. కాబట్టి దీన్ని డ్రైవరు దురాశగా చూడడం తప్పు, డ్రైవరుకు ఆ అదనపు టన్నులో దక్కేది చాలా కొద్ది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అనేది. అలాంటి చట్టం ఒకటి ఉండేదని తెలిసిన డ్రైవరును వెతకడమే కష్టం.

కేంద్రం 2018 జులైలో ఇంకో దారి తొక్కింది. ఎలాగూ ఎక్కువ మోస్తున్నారు, చట్టబద్ధమైన హద్దునే పెంచుదాం అని, లారీ మోయదగ్గ సరుకు సుమారు 20 నుంచి 25 శాతం పెరిగేలా ఇరుసు బరువులు పెంచింది. రెండు ఇరుసుల లారీ 16.2 టన్నుల నుంచి 18.5కు, మూడు ఇరుసులది 25 నుంచి 28.5కు, పెద్ద ట్రైలర్లు 49 నుంచి 55కు వెళ్లాయి. ఇంజన్లు, టైర్లు మెరుగయ్యాయి గనుక ఇందులో కొంత న్యాయం ఉంది. కానీ రాత్రికి రాత్రి దేశంలోని లారీలన్నీ పెద్దవైపోతే సరుకు అంతే ఉంటుంది, కిరాయి పడిపోతుంది. పడిన కిరాయిని పూడ్చుకోవడానికి మళ్లీ హద్దు దాటాలి. ఆ నిర్ణయం ఓవర్‌లోడును తగ్గించిందని నేను నమ్మను.

చట్టం తక్కువేమీ తినలేదు. మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను హద్దు పెట్టింది, 114 తూచే అధికారం ఇచ్చింది, 194 శిక్ష చెప్పింది. 2019 సెప్టెంబరు 1 నుంచి ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. తూకానికి ఆగకుండా పోతే 40,000. అంతకుముందు ఇవి 2,000, టన్నుకు 1,000. ఆ సెక్షనులో అసలైన మాట జరిమానా కాదు: అదనపు లోడు దించేదాకా బండిని కదలనివ్వకూడదని అందులో ఉంది. ఈ మాట వెనక చరిత్ర ఉంది. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాలు డబ్బు కట్టించుకుని గోల్డ్ కార్డులు, టోకెన్లు ఇచ్చేవి. ఆ కార్డు చూపితే ఓవర్‌లోడుతోనే రాష్ట్రమంతా తిరగొచ్చు. పరమ్‌జీత్ భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2005 నవంబరులో దాన్ని తప్పుపట్టింది. జరిమానా కట్టినంత మాత్రాన ప్రమాదం తీరదు, లోడు దించాల్సిందేనని చెప్పింది. 2015లో కోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ ఓవర్‌లోడు బండి నడిపిన డ్రైవరు లైసెన్సు కనీసం మూడు నెలలు ఆపమంది.

అమలు దగ్గర కథ మారిపోతుంది. దించమంటే దించేదెక్కడ? హైవే పక్కన గోదాము లేదు, క్రేను లేదు, కాపలా లేదు. 10 టన్నుల కడ్డీలు రోడ్డు పక్కన దించితే తెల్లారేసరికి ఉండవు. కాబట్టి అధికారి చలానా రాస్తాడు, లేదా రాయకుండా ఉండడానికి మామూలు పుచ్చుకుంటాడు, రెండు సందర్భాల్లోనూ బండి అదే బరువుతో ముందుకు పోతుంది. కార్డులు పోయాయి, పద్ధతి మిగిలింది. ఛత్తీస్‌గఢ్ 2017లో రవాణా చెక్‌పోస్టులు ఎత్తేసి, 2020లో మళ్లీ తెరిచింది. తెరిచినా మూసినా ప్రశ్న ఒకటే: దారిమధ్యలో పట్టుకున్న బరువును ఏం చేస్తారు? టోల్‌గేట్ల దగ్గర కదిలే బండినే తూచే యంత్రాలు వచ్చాయి. వాటి అంకె అదనపు రుసుముగా మారితే ప్రభుత్వానికి రాబడి, రోడ్డు మీదివాళ్లకు ఏమీ లేదు.

అందుకే పరిష్కారం దారిలో కాదు, లోడెక్కే చోట ఉందని నా వాదన. ఉక్కు, సిమెంటు విషయంలో ఇది చాలా తేలిక. లారీ మోయదగిన బరువు వాహనాల రిజిస్ట్రేషన్లు ఉండే వాహన్ డేటాబేస్‌లో ఉంది. కాటా చీటీలో అసలు బరువు ఉంది. 2018 ఏప్రిల్ నుంచి 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి. అందులో లారీ నంబరూ ఉంటుంది, సరుకు పరిమాణమూ ఉంటుంది. ఈ మూడూ ఒకచోట చూసే చిన్న లెక్క కంప్యూటరుకు క్షణం పని. హద్దు దాటితే బిల్లు పుట్టకూడదు, బిల్లు లేకపోతే గేటు తెరవకూడదు. పన్ను ఎగ్గొడితే పట్టుకోవడానికి ఇంత యంత్రాంగం కట్టిన ప్రభుత్వం, ప్రాణాల కోసం అదే యంత్రాంగానికి ఒక గడి కలపలేదంటే అది సాంకేతిక సమస్య కాదు.

చట్టబలం కూడా ఉంది. 194వ సెక్షను బండి నడిపినవాణ్నే కాదు, నడిపించినవాణ్ని, నడపనిచ్చినవాణ్ని కూడా అంటుంది. 2011 నుంచి అమల్లో ఉన్న రోడ్డు రవాణా చట్టం ఆర్‌సీలో ఉన్న బరువు దాటి లోడు చేయకూడదని రవాణా సంస్థలకు చెబుతుంది. ఆస్ట్రేలియా దీన్ని ఇంకా తేటగా రాసుకుంది. సరుకు పంపినవాడు, ప్యాక్ చేసినవాడు, లోడు చేసినవాడు, అందుకున్నవాడు, షెడ్యూలు వేసినవాడు, అందరూ బాధ్యతల గొలుసులో భాగమే. మన దగ్గర చట్టం ఆ అర్థాన్ని ఇస్తున్నా కేసు పెట్టే కలం క్యాబిన్ దగ్గరే ఆగిపోతుంది.

ఇసుక, మొరం అంత తేలిక కాదు. వాటికి కాటా లేదు, చాలాచోట్ల బిల్లూ లేదు. ఛత్తీస్‌గఢ్ ఖనిజ్ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా రవాణా పాసులిస్తుంది. పాసు ఉన్న బండి వరకు అది పనికొస్తుంది, పాసే లేని బండిని అది చూడనే చూడదు. ఇక్కడ తూకంకన్నా తొట్టి ఎత్తు మీద దృష్టి పెట్టడం మంచిది. బిగించిన అదనపు పలకలు కంటికి కనబడతాయి, కాటా అక్కర్లేదు, కోసి తీసేయొచ్చు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు వచ్చినప్పుడు పలకలు విప్పి, బయటికెళ్లి మళ్లీ బిగిస్తారని అందరికీ తెలుసు. అది పట్టుకోవాల్సింది రీచ్ దగ్గర, క్వారీ దగ్గర.

రైలు మాట వదిలేయకూడదు. భిలాయ్‌కి ఖనిజం రైల్లోనే రావాలని 1950ల్లోనే అనుకున్నవాళ్ల లెక్క ఇప్పటికీ తప్పు కాలేదు. దల్లీ-రాజ్‌హరా నిల్వలు తరిగి రావ్‌ఘాట్ వైపు చూసినప్పుడు, 2022లో అంజ్రేల్ దగ్గర తవ్వకం మొదలైంది గానీ పట్టాలు అక్కడిదాకా చేరలేదు. ఖనిజం లారీల మీద అంతాగఢ్ దాకా వచ్చి అక్కడ రైలెక్కింది, దారిలోని ఊళ్లు ఆ లారీల మీద గొడవపడ్డాయి. పట్టా వేయడం ఆలస్యమైన ప్రతి కిలోమీటరూ ఎవరి ఊరి రోడ్డు మీదికో వస్తుంది. సరుకు రవాణాలో రైలు వాటాను 2030కి 45 శాతానికి తేవాలని జాతీయ రైల్ ప్లాన్ అంటోంది. చిన్న మిల్లులకు కలిపి వాడుకునే సైడింగులు కట్టకపోతే అది పెద్ద కంపెనీల లెక్కగానే మిగులుతుంది.

ఇదంతా ప్రభుత్వమో పెద్ద కార్ఖానాలో చేయాల్సిన పని అని పక్కన పెట్టేముందు ఒక్క మాట. ఇల్లు కట్టేటప్పుడు ఇసుక, కంకర, రాడ్లు తెప్పించుకునేది మనమే. "ఇంకో రెండు బకెట్లు ఎక్కువ వేయించు" అని మేస్త్రీకి చెప్పేదీ మనమే. ఈసారి లోడు వచ్చినప్పుడు ట్రిప్పు ధర కాదు, టన్ను ధర మాట్లాడండి. కాటా చీటీ అడగండి, బండి ఆర్‌సీలో ఉన్న బరువుతో పోల్చి చూడండి. ఎక్కువుంటే సరుకు దించుకోకుండా వెనక్కి పంపండి.